మూఢం వచ్చేదాకా

మా బావ గణపతికి చూపు బాగుంది. ఆ ఎండాకాలమంతా నన్ను ఓడించింది ఆ ఒక్క మాటే.

గిద్దలూరు స్టేషన్ రోడ్డులో మా కంటి సెంటర్ ఉంది. ముందు గదిలో కళ్ళద్దాలు అమ్ముతాం, వెనక గదిలో చూపు పరీక్ష చేస్తాం. మార్చి నెలాఖరులో మార్కాపురంలోని మా పెద్దాసుపత్రి వాళ్ళు మాకొక కెమెరా పంపారు. షుగర్ ఉన్నవాళ్ళ కంటి లోపలి పొరను దాంతో ఫోటో తీసి పంపిస్తే, అక్కడి డాక్టరమ్మ చూసి కన్ను ఎలా ఉందో చెబుతుంది. సెంటర్ చూసుకునే హన్నా మేడం నాతో, "ముందు తెలిసినవాళ్ళ కళ్ళు తీసి చెయ్యి తిరగనీ ప్రసన్నా. పేషంట్ల ముందు తడబడితే ఇంకోసారి రారు" అన్నారు.

తెలిసినవాళ్ళంటే నాకు అక్కా బావలే. ఇంటర్ అయినప్పటి నుంచి మా అక్క నాగమల్లేశ్వరి ఇంట్లోనే ఉంటున్నాను. నన్ను కంటి కోర్సులో చేర్పించింది బావే. అతను మోహన్‌కృష్ణ అన్న దగ్గర టూరిస్టు బస్సు డ్రైవరు. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ నడిచే బస్సు. షుగర్ వచ్చి పదేళ్ళు దాటింది. గుర్తున్నరోజు మాత్ర వేసుకుంటాడు, గుర్తులేని రోజు టీలో చక్కెర తగ్గించమంటాడు.

ఒక మధ్యాహ్నం భోజనానికి వచ్చి పోతూ సెంటర్ దగ్గర ఆగాడు. వెనక గదిలో లైటు ఆపి కూర్చోబెట్టాను.

"గడ్డం ఇక్కడ ఆనించు బావా. నుదురు పైన పట్టీకి తగలాల. లోపల పచ్చ చుక్క ఉంటాది, దాన్నే చూడు."

"మీ అక్కను చూసేదానికి పోయినప్పుడు గూడా ఇంత బుద్ధిగా కూర్చోలేదు పాపా" అన్నాడు.

నవ్వుతూనే బటన్ నొక్కాను. తెర మీద కన్ను వచ్చింది. ఎర్రగా, గుండ్రంగా. కోర్సులో చూపించిన మంచి కళ్ళ ఫోటోల్లో రక్తనాళాలు ఒక్కొక్కటీ విడివిడిగా సాగిపోతుంటాయి. ఇక్కడ కంటి నరం మొదట్లో సన్నటి పోగులు చిక్కుపడి ఉన్నాయి. అక్కడక్కడా ఎర్రటి మచ్చలు. రెండో కన్ను తీశాను. అదీ అంతే.

"ఎట్ల ఉండాయి నా కళ్ళు?"

"డాక్టరమ్మ చెప్పాల బావా" అన్నాను. తెరను అతనికి కనబడకుండా నావైపు తిప్పుకున్నాను.

మరుసటి రోజే జవాబు వచ్చింది. రెండు కళ్ళకీ వెంటనే లేజర్ కావాలి. హన్నా మేడం బావను పిలిపించి కూర్చోబెట్టి చెప్పారు. పాత నాళాలు షుగర్ వల్ల మూసుకుపోతుంటే కన్ను కొత్తవి పుట్టించుకుంటుందనీ, అవి బొత్తిగా పలచనవనీ, ఎప్పుడు చిట్లుతాయో ఎవరూ చెప్పలేరనీ, లేజర్ పెడితే ఎండిపోతాయనీ. బావ అంతా విని లేచి, గోడ మీది అక్షరాల బోర్డు ముందు నిలబడ్డాడు. కుడికన్ను మూసి చివరి వరుస చదివాడు. ఎడమకన్ను మూసి మళ్ళీ చదివాడు. అంతటితో ఆగకుండా గుమ్మంలోకి పోయి, రోడ్డు అవతలి మందుల దుకాణం బోర్డు మీద అడుగున సన్నగా రాసి ఉన్న లైసెన్సు నంబరు కూడా చదివాడు.

"ఇంత కనబడేవానికి జబ్బుందంటే ఎవురు నమ్ముతారు మేడం?"

"చూపు పోయినాక వస్తే మేమేం చెయ్యలేం అన్నా. ఉండగానే రావాల" అన్నారు ఆమె.

"పోయేటట్టుంటే వస్తాలే" అని వెళ్ళిపోయాడు.

ఇంటికి పోతే అక్క గిన్నెలు గట్టిగా పెడుతోంది. "నేర్చుకునేదానికి నీకు మా ఆయన కళ్ళే దొరికినాయా? బాగున్న మనిషిని కూర్చోబెట్టి గుడ్డోడివైతావని చెప్తారా ఎవురన్నా?"

"గుడ్డోడు కాకుండా ఉండేదానికే అక్కా."

"ఆ మాట నోట్లోంచి రానీకు" అంది.

వారం రోజులు వెంటపడితే, నా పోరు పడలేక బావ మార్కాపురం వస్తానన్నాడు. ఏప్రిల్ నడిమధ్య. ఆరోజు ఒక పెళ్ళి ట్రిప్పు కూడా మానుకున్నాడు. ముందురోజు ఫోన్ చేసి అడిగాను, రమ్మన్నారు. పొద్దున్నే బస్సెక్కి కంభం మీదుగా పోయి లైనులో కూర్చున్నాం. కళ్ళలో మందు చుక్కలు వేశారు. ఎండ చూడలేక బావ తువ్వాలు మొగం మీద కప్పుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక ఒక నర్సు వచ్చి, లేజర్ మిషన్ ఆగిపోయిందనీ, హైదరాబాద్ నుంచి మనిషి వచ్చి బాగుచెయ్యాలనీ చెప్పింది.

"నిన్న రమ్మన్నారు కదమ్మా" అన్నాను.

"నిన్న పనిచేసింది" అంది.

ఆ నర్సును ఏమంటాం? నా నోటికొచ్చినవన్నీ మింగాను. తిరుగు బస్సు కంభంలో ఆగినప్పుడు బావ మామిడికాయ ముక్కలు కొని, ఉప్పూకారం అద్ది నా చేతిలో పెట్టాడు. "నా కళ్ళు బాగానే ఉండాయి. వాళ్ళ మిషన్‌కే చూపు పోయింది పాపా" అని పెద్దగా నవ్వాడు. పక్క సీటాయన కూడా నవ్వాడు. నేను ముక్క కొరకలేకపోయాను. ఆ మనిషిని ఇంకోసారి ఆ బస్సెక్కించడానికి ఎంత పాటుపడాలో నాకొక్కదానికే తెలుసు.

ఎక్కించాను. మే మొదట్లో. ఈసారి మిషన్ పనిచేసింది. కుడికన్నుకు మొదటి విడత పెట్టారు. రెండు కళ్ళకీ ఒకేరోజు పెట్టరు, ఒక్కో కన్నుకైనా రెండు మూడు సార్లు పోవాలి. బయటికి వచ్చిన బావ నుదురు చెమటతో తడిసి ఉంది. "సూది పెట్టి లోపల కాల్చినట్టుంది" అన్నాడు. తర్వాత నాలుగైదు రోజులు ఆ కన్ను మసకగా ఉంది. అలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనూ చెప్పాను. కానీ ఆ రోజుల్లోనే కొమరోలు పెళ్ళి ట్రిప్పు వచ్చింది. బావ నడపలేనన్నాడు. మోహన్‌కృష్ణ అన్న ఇంకో డ్రైవరును పంపాడు.

అక్కకు ఆ మసకే సాక్ష్యమైంది. "చూపు బాగుండె. మీ లేజర్ పెట్టినాక మసకొచ్చె. నాకు చదువు లేకపోయినా ఆ మాత్రం తెలుస్తాది."

మసక తగ్గింది. చూపు మళ్ళీ మునుపటిలా అయింది. లేజర్ పెడితే పోబోయే చూపు నిలుస్తుంది, కొత్తగా వచ్చేదేమీ ఉండదు. దీన్ని మనుషులకు ఎలా చెప్పాలో ఆ కాలమంతా నాకు తెలియలేదు. జ్వరానికి మందేస్తే జ్వరం తగ్గుతుంది. కాలు విరిగితే కట్టు కడతారు, నడుస్తారు. ఇక్కడ అంత నొప్పి భరించి ఇంటికి వస్తే, పోయేముందు ఎలా ఉన్నాడో అలాగే ఉంటాడు. పుల్లలచెరువు నుంచి వచ్చిన ఒక మేకల పెద్దాయన కూడా నన్ను అదే అడిగాడు. "కనిపిస్తా ఉంటే ఫోటో ఎందుకు తల్లీ?" చెప్పాను. విన్నాడు. చలవ అద్దాలు కొనుక్కుని పోయాడు.

రెండో విడత తేదీకి బావ రాలేదు. ముహూర్తాల రోజులు, బస్సు ఒక్కరోజు కూడా ఆగడం లేదు. తర్వాతి వారమూ రాలేదు. చివరికి నేనే మోహన్‌కృష్ణ అన్న ఆఫీసుకు పోయాను.

"అన్నా, మా బావకు ఒక్కరోజు సెలవియ్యి. కంటికి లేజర్ సగంలో ఆగింది."

"చూపు తగ్గిందామ్మా?" ఫోన్ పక్కన పెట్టి అడిగాడు.

"తగ్గలేదు."

"కనిపిస్తాదా?"

"కనిపిస్తాది."

"మరింకేంది?" నిజంగానే అర్థంకాక అడిగాడు. "నా బండ్లు నడిపేవాళ్ళలో వాడంత జాగ్రత్తయిన మనిషి లేడు. కనిపించేవాణ్ణి కనిపించదని నేనెట్ల కూర్చోబెట్టేది? కొన్ని రోజులాగితే మూఢం వస్తాది. అప్పుడు పెళ్ళిళ్ళుండవు, బండ్లు కదలవు. ఎన్ని లేజర్లన్నా పెట్టించుకోమను."

హన్నా మేడం తెలుసుకుని కోప్పడ్డారు. "పేషంటు జబ్బు సంగతి అతనికి పని ఇచ్చేవాళ్ళతో చెప్పకూడదు. నీకు తెలీదా?" తెలుసు. ఆ బస్సు నిండా మనుషులుంటారని కూడా తెలుసు. రెండూ తెలిసిన మనిషి ఏం చెయ్యాలో మా కోర్సులో ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం బావ వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ, తలెత్తకుండా అన్నాడు. "నా డ్యూటీ తీపియ్యాలని పోయినావంట."

"సెలవు కోసం పోయినా."

"నన్నే అడగొచ్చు గదా."

"అడిగి అడిగి నా నోరు పడిపోయింది బావా."

బావ చెంబు బోర్లించి, "మూఢం వచ్చేదాకా ఆగు పాపా. జూన్‌లో వస్తాది. మొదటిరోజే పోదాం. నేను మాటంటే మాటే" అన్నాడు.

మూఢం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసిన మనిషి మా వంశంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. గోడ మీది క్యాలెండర్‌లో రోజుకొకసారి ఆ తేదీ చూసుకునేదాన్ని.

మూఢానికి ముందు చివరి ముహూర్తాల్లో మా చిన్నాన్న కూతురి పెళ్ళి మహానందిలో పెట్టుకున్నారు. బస్సు బావదే. నేను ఇంజన్ పక్క సీటులో కూర్చున్నాను. పోయేటప్పుడు ఏమీ కాలేదు. పెళ్ళి బాగా జరిగింది. భోజనాలయ్యాక ఎండ తగ్గకముందే బయలుదేరాం. గాజులపల్లె దాటి అడవిలోకి ఎక్కాం. వెనక ఆడవాళ్ళు పెళ్ళిలో పెట్టిన చీరల గురించి మాట్లాడుకుంటున్నారు. పిల్లలు రోడ్డు పక్క కోతులకు కేకలు వేస్తున్నారు. బావ మలుపులన్నీ ఎప్పటిలాగే తేలిగ్గా తిప్పాడు. మలుపులు అయిపోయి, రోడ్డు తిన్నగా సాగిన చోట బస్సు వేగం తగ్గింది.

బావ తువ్వాలుతో ముందు అద్దం లోపలివైపు తుడిచాడు. కొంచెం దూరం పోయాక వైపర్ వేశాడు.

వాన లేదు. అద్దం మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. వైపర్ కిర్రుమంటూ అటూ ఇటూ తిరుగుతోంది.

"బావా, వైపర్ ఎందుకు?"

ఆపేశాడు. కుడికన్ను ఒకసారి మూశాడు, తెరిచాడు. బస్సును మెల్లగా ఎడమపక్క చెట్ల కిందికి దింపి ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగాడు.

"పాపా, ఈ అద్దం మీద సాలెగూడు మాదిరి ఏమన్నా ఉందా?"

"ఏం లేదు బావా."

"రోడ్డు మీద పొగ?"

"లేదు."

తలాడించాడు. ఇంజన్ ఆపి, వెనక్కి తిరిగి, అందరికీ వినిపించేలా చెప్పాడు. "ఇంజన్ వేడెక్కింది. దిగి నీడకు కూర్చోండి. ఇంకో డ్రైవరు కూలెంట్ తీసుకుని వస్తాడు."

చిన్నాన్న దిగుతూ విసుక్కున్నాడు. "పెళ్ళి బస్సును ఇట్ల అడవి నడిమధ్యలో ఆపితే ఎట్ల గణపతీ? బండి చూసుకొని తేవాల గదా."

"తప్పయింది మామా" అన్నాడు బావ.

అక్క నీళ్ళ సీసా తెచ్చి, ఇంజన్‌లో పొయ్యమని ఇచ్చింది. బావ దాన్ని తీసుకుని ఒక గుక్క తాగి, పక్కన పెట్టాడు. పిల్లలు లడ్లు పంచుకు తిన్నారు. సిగ్నల్ దొరికే చోటికి నడిచిపోయి మోహన్‌కృష్ణ అన్నకు నేనే ఫోన్ చేశాను. వేరే డ్రైవరు వచ్చేదాకా బావ మెట్టు మీద కూర్చుని, చెయ్యి ముందుకు చాపి, వేళ్ళు కదిలిస్తూ చూసుకుంటూనే ఉన్నాడు. ఇంజన్ దగ్గరికి పోయి చూస్తే ఆవిరీ లేదు, కాలిన వాసనా లేదని ఎవరికైనా తెలిసేది. ఎవరూ చూడలేదు.

మరునాడు మార్కాపురం పోయాం. అక్క కూడా వచ్చింది. డాక్టరమ్మ కుడికన్నులోకి లైటు వేసి చాలాసేపు చూసింది. "లోపల రక్తం దిగింది. వెనక పొర ఏమీ కనబడటం లేదు. కొన్ని వారాలు చూద్దాం. దానంతటది తగ్గకపోతే ఆపరేషన్ చెయ్యాలి" అంది.

"ఇది లేజర్ పెట్టిన కన్నే గదా డాక్టరమ్మా?" అంది అక్క.

"అవునమ్మా, కానీ—"

ఆ "అవును" తర్వాత అక్క ఏమీ వినలేదు. లేజర్ సగమే అయిందనీ, రెండో విడతకు వచ్చి ఉంటే ఇది చాలావరకు తప్పేదనీ, ఇప్పుడు ఎడమకన్నుకైనా ఆలస్యం చెయ్యకూడదనీ ఆమె ఓపిగ్గా చెప్పింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలవంక చూస్తూ నిలబడింది.

వరండాలోకి రాగానే నా మీద పడింది. "పెట్టని కన్ను నిక్షేపంగా ఉండాది. పెట్టిన కన్ను పోయింది. దీనికి ఇంక డాక్టర్లు చెప్పాల్నా? నువ్వు ఫోటో తీసిన రోజుతో మా ఇంటికి శని పట్టింది."

"అక్కా, రెండో విడతకు రానందుకే—"

"ఇంకా లేజర్ అంటున్నావా? ఆ కన్ను గూడా తీసుకుంటావా?"

లైనులో కూర్చున్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. నేను బావ వైపు తిరిగాను. "నువ్వన్నా చెప్పు బావా. పోదాం పోదామని నేనెన్నిసార్లు చెప్పినానో చెప్పు."

బావ గోడకానుకుని కూర్చున్నాడు. అతనికి అన్నీ వినబడుతున్నాయి. చెప్పులవైపు చూసుకున్నాడు. ఒక్క మాట అనలేదు.

డాక్టరమ్మ మాట కంటే, అక్క మాట కంటే, ఆ మౌనమే నన్ను ఎక్కువ కోసింది. ఆ వారమే బట్టలు సర్దుకుని, హన్నా మేడం వాళ్ళ వీధిలో ఒక గది తీసుకున్నాను. అక్క ఆపలేదు. మూఢం వచ్చింది. బండ్లు ఆగాయి. ఎవరూ నన్ను పిలవలేదు.

తర్వాతివన్నీ ఊళ్ళోవాళ్ళ నోటి ద్వారానే తెలిశాయి. జూలైలో బావ కుడికన్నుకు ఆపరేషన్ జరిగింది. మనుషుల ఆకారం తెలిసేంత చూపు మిగిలింది. బస్సు నడిపే పని అయిపోయింది. మోహన్‌కృష్ణ అన్న అతణ్ణి ఆఫీసులో కూర్చోబెట్టి, ట్రిప్పులు మాట్లాడే పని ఇచ్చాడు. అక్క బట్టల దుకాణంలో చేరింది. నేను ఫోన్ చేస్తే కట్ చేసేది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. సెంటర్‌లో ఎదురైనది ఓర్చుకోలేకపోయాను. షుగర్ ఉన్న ఆడమనిషి ఒకామె కొమరోలు నుంచి వచ్చింది. ఫోటో అనగానే స్టూలు మీద నుంచి లేచింది.

"ఇది తీస్తే చూపు పోతాదంట గదా? ఈ ఊళ్ళోనే ఒక డ్రైవరుకు పోయిందంట. బట్టల దుకాణంలో ఒకామె చెప్పింది."

ఎంత చెప్పినా మళ్ళీ కూర్చోలేదు. ఆమె వెళ్ళిపోయాక వెనక గది తలుపు వేసుకుని ఏడ్చాను. దుఃఖంతో కాదు. ఎవరినన్నా పట్టుకుని కొట్టాలనిపించి, కొట్టడానికి ఎవరూ లేక.

శ్రావణమాసంలో ఒకరోజు, సన్నగా వాన పడుతుంటే బావ వచ్చాడు. ఒక్కడే. గొడుగు మూసి గుమ్మం పక్కన పెట్టి, తల కొంచెం పక్కకు తిప్పి నన్ను చూశాడు. ఎడమకన్నుతో చూడటం అలవాటైనట్టుంది.

"డాక్టరమ్మ ఎడమకన్ను ఫోటో తీపిచ్చి పంపమంది పాపా."

"ఎడమకన్నుకు ఏమైంది?" అన్నాను.

"ఏం కాలేదు. లేజర్ అంతా అయిపోయింది. ఎట్ల ఉందో చూస్తాదంట."

"ఎప్పుడు పెట్టించుకున్నావు?"

"కంభంలో బుకింగ్ ఉందని మీ అక్కకు చెప్పి పోతావుంటి. ఒక్కసారి గూడా తేదీ తప్పలేదు."

సంతోషమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "అయితే ఇంటికి పోయి అక్కతో చెప్పు బావా. లేజర్ వల్ల పోలేదని చెప్పు. లేజర్ వల్లే ఈ కన్ను నిలబడిందని చెప్పు. ఊరంతా నేను కళ్ళు తీసేదాన్నని చెప్పుకుంటాంది. జనం ఫోటో అంటే లేచిపోతున్నారు."

బావ స్టూలు మీద కూర్చున్నాడు. గొడుగు నుంచి కారే నీళ్ళను చూస్తూ అన్నాడు.

"చెప్తే, కుడికన్ను పోయింది నా వల్లనే అని దానికి తెలుస్తాది. నువ్వు వెంటబడి చెప్పినా నేనే పోలేదని తెలుస్తాది. పొద్దున లేస్తే అది దుకాణానికి పోవాల, వచ్చి వండాల, నా మొగమే చూడాల. నా మీద కోపం పెట్టుకొని ఎట్ల బతుకుతాది పాపా నాతో?" గొంతు తగ్గించాడు. "దాని కోపానికి ఒక మనిషి కావాల. నువ్వు దూరంగా ఉండావు. కొన్నాళ్ళు నువ్వే ఉండు."

ముందు గదిలో ఎవరో కళ్ళద్దాల ఫ్రేము ధర అడుగుతున్నారు. హన్నా మేడం చెబుతున్నారు.

"సరే బావా" అన్నాను. "అక్క కోపానికి నేనుంటా. మరి నా కోపానికి ఎవురు?"

అతను చూపున్న ఒక్క కంటితో నావైపు చూశాడు. నేను లేచి లైటు ఆపి, ఫోటో తీశాను.

ఎడమకన్ను లోపల చుట్టూ లేజర్ మచ్చలు కనిపించాయి. చిక్కుపోగులు ఎండిపోయాయి. ఫోటో చాలా బాగా వచ్చింది.